ఎవరూ చూడనప్పటి నడక

గోడకు బిగించిన నీలం కుర్చీల వరసలో చివరిదాంట్లో కూర్చుని ఆమె పిల్ల కాళ్ళవంకే చూస్తోంది. పిల్ల తాత ఒళ్ళో ఉంది. చిన్న పాదాలు రెండూ కిందికి వేలాడుతున్నాయి. కుడిపాదం ఊగుతోంది, పిల్ల లోపలెక్కడో ఏదో పాట నడుస్తున్నట్టు. ఎడమపాదం ఊగడం లేదు. ఊగు తల్లీ, ఒక్కసారి ఊగు, అని మనసు బతిమాలుతోంది. ఆ వెంటనే, వద్దు వద్దు, డాక్టరమ్మ చూసేదాకా ఊగకు, అలాగే ఉండు, అంటోంది. ఏ తల్లయినా ఇలాంటి కోరిక కోరుతుందా? కన్నపిల్ల కుంటాలని, అదీ నలుగురి ముందు కుంటి చూపించాలని? పైన తథాస్తు అనేవాళ్ళెవరైనా ఉంటే ఈ పూటకి చెవులు మూసుకోండి బాబూ. ఎదురుగా ఉన్న తలుపు తెరుచుకుంది. ఎవరో మగాయన చంకలో బిడ్డతో బయటికి వచ్చాడు, తలుపు మూసుకుంది. వాళ్ళ పేరు కాదు, ఇంకెవరి పేరో పిలిచారు. పిలవకపోతే బాగుండునని ఒక గుండె, తొందరగా పిలిస్తే బాగుండునని ఒక గుండె. మనిషికి ఒక్కటే ఉంటుందంటారు గానీ, ఇక్కడ కూర్చుంటే తెలుస్తుంది ఎన్ని ఉంటాయో.

వచ్చీరాగానే తూకం దగ్గర నర్సు అడిగింది, ఎందుకొచ్చారమ్మా అని. కుంటుతోందండీ, పొద్దుటినుంచీ, అంది ఆమె. ఏదీ, ఇటు నడిచిరా బంగారం, అంది నర్సు. పిల్ల నడిచింది. తిన్నగా, చక్కగా, నెత్తిమీద నీళ్ళగిన్నె పెట్టుకున్నట్టు నడిచి వెళ్ళి తూకం ఎక్కింది. ఎక్కి, నర్సు వైపు కాదు, తల్లి వైపు చూసింది. చూశావా అమ్మా, బాగా నడిచాను కదా, అనే చూపు. పై పెదవి మీద చెమట పూసలు. నర్సు ఆ చెమట చూడలేదు. "బాగానే నడుస్తోందిగా! బడి ఎగ్గొట్టే ఉపాయం కాదు కదా ఇది?" అని నవ్వి బుగ్గ గిల్లింది. "బడికింకా వెయ్యలేదండీ" అంది ఆమె. చెప్పవలసిన జవాబు అది కాదని తెలుస్తూనే ఉంది. చెప్పవలసింది వేరే. అది నడక కాదండీ, నేను పెట్టిన భయం అండీ. నా పిల్ల నాకు భయపడి తిన్నగా నడుస్తోందండీ. ఈ మాట ఎవరితో ఎలా చెప్పుకుంటారు? తూకం దగ్గర, వెనక ఇంతమంది నిలబడి ఉండగా?

అనుకరించడం ఈ పిల్లకి ఉగ్గుపాలతోనే వచ్చింది. మాటలు రాకముందే పక్కింటి పెద్దావిడ తుమ్ము తుమ్మేది, ముందు ముక్కు ఎగబీల్చి, కళ్ళు మూసి, చెయ్యి అడ్డం పెట్టుకుని. వాళ్ళ నాన్న వ్యాను తోలి వచ్చి ఆవలిస్తే, ఆ ఆవలింత ఆయన నోరు మూసేలోపల దీని నోట్లోకి వచ్చేసేది. తల్లి దుకాణంలో చొక్కా దులిపి వెలుతురుకి పట్టి చూసే తీరు, ఒక కన్ను చిన్నది చేసి, అచ్చుగుద్దినట్టు చేసేది. ఒకచోట కాలు నిలవదని వాళ్ళ నాన్న మిడత అని పేరు పెట్టాడు, ఇంట్లో అదే పిలుపయింది. ఆ మిడత ఈ పొద్దున నిద్రలేచి గదిలోంచి బయటికి వచ్చింది, ఎడమకాలు ఈడుస్తూ, ప్రతి అడుక్కీ నడుం ఒక పక్కకి వాలుతూ. ముందుగా చూసింది వాళ్ళ నాన్నే. పాలగ్లాసు బల్లమీద పెట్టి చప్పట్లు కొట్టాడు. "అబ్బో! అచ్చం తాతే! నాన్నా, చూడు నీ మనవరాలి నటన!" ఆమె కూడా నవ్వింది. నవ్వింది, అబద్ధమెందుకు. నవ్వుతూనే అడిగింది, మామయ్య ఈడ్చేది కుడికాలు కదా, ఇది ఎడమకాలు ఈడుస్తోందేం అని. అడిగింది కూడా! కన్ను చూసింది, నోరు అడిగింది, బుర్ర మాత్రం పట్టించుకోలేదు. "ఎదురుగా నిలబడి నేర్చుకుంది కదే, అద్దంలో బొమ్మకి అటుది ఇటు అవదూ?" అన్నాడు ఆయన. ఆ మాటకి మళ్ళీ నవ్వులు. పిల్ల అందరి మొహాలూ చూసి తనూ కొంచెం నవ్వింది, ఎందుకో తెలియకుండా నవ్వే నవ్వు. "ఉండవే మిడతా, ఫోను తెస్తా, మళ్ళీ చెయ్యి" అని ఆయన లేచాడు. అప్పుడే ఆమె మామగారి వైపు చూసింది. ఆయన పేపరు మొహానికి అడ్డంగా, మామూలు కంటే కాస్త పైకి ఎత్తి పట్టుకున్నాడు.

ఆ పేపరు అంత పైకి లేవకపోతే బాగుండేది. ఆమె నోరు ఊరుకునేది. పిల్ల మళ్ళీ కుంటేది, వాళ్ళ నాన్న ఫోనులో తీసేవాడు, ఇప్పుడు చూపించడానికి అదైనా ఉండేది. కానీ ఆమె పిల్ల జబ్బ పట్టుకుని గుంజింది. "చాల్లే వేషాలు. పెద్దవాళ్ళని వెక్కిరిస్తారా? తాతకి ఎంత బాధగా ఉంటుంది? ఇంకోసారి అలా నడిచావంటే చూడు, కాళ్ళు విరగ్గొడతాను." కాళ్ళు విరగ్గొడతాను. ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది తల్లులు అనని మాట అది! ఆమె తల్లి ఆమెను అన్న మాట, వీధి దాటితే, చెట్టెక్కితే, పక్కింటికి చెప్పకుండా పోతే. దానికి అర్థమే ఉండదు, దగ్గు లాంటిది, వచ్చి పోతుంది. ఈ పూట మాత్రం పోలేదు. బస్సులో పక్కన కూర్చుంది, మెట్లెక్కి వచ్చింది, ఈ నీలం కుర్చీల్లో ఖాళీగా ఉన్న దాంట్లో కూర్చుంది. విరగ్గొడతాను. పిల్ల నోరు తెరిచింది అప్పుడు, "అమ్మా, అది కాదు..." అంది, మూసేసింది. ఆ "అది కాదు" తరవాత ఏముంది? అక్కడ ఒక్క క్షణం ఆగి ఉంటే? ఆగలేదు. దుకాణానికి వేళవుతోంది. పిల్ల తాత కుర్చీ దాకా తిన్నగా నడిచివెళ్ళి నేలమీద కూర్చుంది. వాళ్ళ నాన్న వ్యాను తీసుకుని వెళ్ళిపోయాడు.

తాళాలు మరిచిపోకపోతే తెలిసేదే కాదు. వీధి మొదటిదాకా వెళ్ళి, సంచీలో చెయ్యి పెడితే దుకాణం తాళాలు లేవు. విసుక్కుంటూ వెనక్కి వచ్చింది. తలుపు దగ్గరకి వేసి ఉంది, చప్పుడు లేకుండా తెరుచుకుంది. లోపల సన్నటి వసారాలో పిల్ల ఒక్కతే ఉంది. అరచెయ్యి గోడకి ఆనించి, ఎడమకాలు మునివేళ్ళ మీద మోపి, మోపీమోపకుండా కుడికాలిమీదకి దూకినట్టు పడి, ఆగి, మళ్ళీ మోపి. మూతి బిగించి ఉంది. వెనకనుంచి ఎవరో చూస్తున్నారని తెలీదు. చప్పట్లు లేవు, నవ్వులు లేవు, చూసేవాళ్ళు లేరు. చూసేవాళ్ళు లేనిచోట నాటకం ఎవరాడతారు? ఆ మాట ఆమె అరికాలిలోంచి పైకి వచ్చింది, చల్లగా. పిల్ల తల తిప్పింది. తల్లిని చూసింది. చటుక్కున గోడమీది చెయ్యి తీసేసి, రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టి నిటారుగా నిలబడింది, దొంగతనం చేస్తూ దొరికినట్టు. "నేను కుంటట్లేదమ్మా" అంది.

కుంటట్లేదమ్మా.

ఆమె పనల్లా చూడడమే. డ్రైక్లీనింగ్ దుకాణంలో బల్ల వెనక నిలబడి, తెచ్చిన ప్రతి బట్టా తెచ్చినవాళ్ళ ముందే విప్పి, లోపలా బయటా తిప్పి చూస్తుంది. కాలరు అంచు, చంక కింద, మోకాలి దగ్గర, కుట్టు వదిలిన చోటు. ఇదిగోండి, ఈ మరక ముందే ఉంది, ఈ గుండీ ముందే ఊడింది, అని చెప్పి, ఎర్రదారం ముక్క గుచ్చి లోపలికి పంపుతుంది. లేకపోతే రేపు వచ్చి మీరే చేశారంటారు. మా అమ్మాయివి డేగకళ్ళు అంటాడు యజమాని. డేగకళ్ళు! ఎప్పుడు మొదలైంది ఇది? ముందే ఉందా? నిన్న ఉందా? జేబులు వెతికినట్టు రోజులు వెతుకుతోంది. పోయినవారం జలుబు. ముక్కు కారింది, ఒళ్ళు కాస్త వెచ్చబడింది, తగ్గిపోయింది. తగ్గిందనుకుంది. నిన్న సాయంత్రం మెట్ల దగ్గర ఎత్తుకోమంది పిల్ల, చేతిలో సామాను ఉంది, ఎంత బద్ధకమే నీకు అంది తను. స్నానం చేయించేటప్పుడు కాలు ఎడం పెట్టమంటే పెట్టలేదు, పేచీ అనుకుంది. ఇన్ని జేబుల్లో ఇన్ని దొరుకుతున్నాయి. ప్రతిసారీ తన మాట ఒకటి ఉంది, బద్ధకం, పేచీ, వేషం. ఎర్రదారం ఒక్కటీ లేదు. వసారాలో ఒళ్ళోకి తీసుకుని పాదం వెతికింది, ముల్లయినా గుచ్చుకోలేదా అని. గుచ్చుకుని ఉంటే ఎంత బాగుండేది, పీకి పారేస్తే పోయేది. పాదం నున్నగా, వెచ్చగా, ఏ నేరమూ ఎరగనట్టు ఉంది. బట్టలు మారుస్తూ కాలు పక్కకి జరపగానే పిల్ల కేక పెట్టింది, పెట్టి, అరచేత్తో తన నోరు తనే మూసుకుంది.

బస్సులో ఫోను తెరిచింది, పిల్లలు హఠాత్తుగా కుంటడం అని కొట్టింది. అందులో చాలా మాటలున్నాయి, మంచివే ముందున్నాయి. కానీ కన్ను మంచివాటి మీద నిలుస్తుందా? ఎముక అని ఉంది ఒకచోట, రక్తం అని ఉంది, ఆ రెండిటి పక్కన ఇంకో మాట ఉంది. ఫోను మూసేసి సంచీ అడుక్కి తోసేసింది, అక్కడ ఉంటే ఆ మాటకి ఊపిరాడదన్నట్టు. కీడెంచి మేలెంచమన్నారు. కీడు ఎంచడం మొదలుపెడితే మేలు దాకా వెళ్ళే దారేదీ? ఆమె మనసు అప్పుడే ఒక తెల్లటి మంచం చూసేసింది, మంచం కింద జత చెప్పులు చూసేసింది, వేసుకునే కాళ్ళు లేక అలాగే ఉన్నవి. ఛీ. నోరు మూసుకో. పోయిన నెల పెద్ద సైజు చెప్పులు కొన్నది, కాళ్ళు ఎదుగుతాయి కదా అని. ఎదుగుతాయి కదా. ఇప్పుడు, ఈ కుర్చీలో కూర్చుని ఉండగా, సంచీ అడుగున ఫోను మోగింది. పిల్ల నాన్నే. వెనక వాహనాల హోరు. "పిలిచారా?" "ఇంకా లేదు." "జ్వరం ఉందా?" "ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది. నా చెయ్యే చల్లబడిందేమో తెలీదు." "నేను చప్పట్లు కొట్టానే" అన్నాడు. అలా అన్నాడు, ఆ గొంతుతో, పెళ్ళయ్యాక ఆమె ఎప్పుడూ విననిది. ఊరుకోండి అంది. ఆయన ఊరుకున్నాడు, తన మనసు ఊరుకోలేదు.

మామగారు పిల్ల జుట్టు వేళ్ళతో దువ్వుతున్నాడు. ఆయన వస్తానని అనలేదు, చెప్పులు వేసుకుని గడప దగ్గర నిలబడ్డాడంతే. ఆయన బయటికి రావడం అరుదు. ఉద్యోగమంతా సినిమాహాలు టికెట్ల గదిలో చేశాడు. చిన్న గూడులాంటి కిటికీ, బయటివాళ్ళకి ఆయన చేతులే కనిపించేవి. ఎంత హాయిగా ఉండేదో అమ్మాయ్, నాకు చేతులు తప్ప ఇంకేమీ లేనట్టుండేది, అన్నాడు ఒకసారి, నవ్వుతూ. ఆమె కోడలిగా వచ్చిన కొత్తలో ఎప్పుడు చూసినా ఆయన కూర్చునే ఉండేవాడు. ఎవరైనా వస్తున్నారంటే ముందే కుర్చీలో ఉండేవాడు, వాళ్ళు వెళ్ళిపోయేదాకా లేచేవాడు కాదు. ఆయన కుంటుతాడని ఆమెకి కళ్ళారా తెలియడానికి చాలాకాలం పట్టింది, అదీ ఆయన ఎవరూ లేరనుకున్నప్పుడు. ఎవరూ లేరనుకున్నప్పుడు. పిల్ల తాత దగ్గర ఏం నేర్చుకుందో ఇప్పుడు తెలుస్తోంది. నేర్చుకున్నది కుంటడం కాదు, దాచుకోవడం.

"మామయ్యా, మీకు కాలు ఎలా మొదలైంది?" అంది. ఇన్నేళ్ళలో అడగని ప్రశ్న. ఎందుకు అడిగావే, జవాబు వినే ధైర్యం ఉందా, అని లోపలినుంచి ఎవరో అరిచారు. ఆయన వేళ్ళు జుట్టులో ఆగాయి. "ఇలాగే. ఒక పొద్దున. ఈ వయసే."

"మరి ఇంట్లోవాళ్ళు..."

"మా అమ్మ నీళ్ళు మొయ్యమంది ఆ రోజు. నాటకాలాడుతున్నాననుకుంది." అని పిల్ల జుట్టు చెవి వెనక్కి తోశాడు. "తప్పేం లేదులే ఆవిడది. నేను పనిదొంగనే. జ్వరం ఎక్కువయ్యాక గానీ తీసుకెళ్ళలేదు. అప్పటికి..." అని చేత్తో కుడి మోకాలు తట్టాడు, అరిగిపోయిన సామాను తట్టినట్టు.

ఆమెకి గోడలు దగ్గరికి జరిగినట్టయింది. ఇలాగే. ఒక పొద్దున. ఈ వయసే. పేపరు పైకెత్తింది బాధపడి కాదా? ఆయనకి అప్పుడే తెలుసా? అనుమానం వచ్చిందా, అనుమానాన్ని మొహం మీద కనపడకుండా దాచాడా? అడగలేదు. ఆయన మొహం చూస్తే అడగాల్సిన పని లేదు. ఒళ్ళో పిల్ల, తల తాత గుండెకి ఆనించి ఉన్నదల్లా, తన పేరు పిలవగానే నిటారుగా లేచి కూర్చుంది, కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టుకుని.

డాక్టరమ్మ చిన్నది, ఆమె కంటే చిన్నది. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, చెప్పేదంతా విన్నది, మధ్యలో అడ్డం రాకుండా. ఎవరూ లేనప్పుడే కుంటుతోందండీ, నేను తిట్టాను, అందుకే దాస్తోంది, అని ఆమె ఒక్క గుక్కలో చెప్పేసింది. "నమ్ముతున్నాను" అంది డాక్టరమ్మ. "కానీ నడక ఒక్కసారి నా కళ్ళతో చూస్తే, నొప్పి మడమలోనా, మోకాల్లోనా, తుంటిలోనా అన్నది తెలిసిపోతుంది. కాలు ముట్టుకుంటే ఏడుస్తుంది, ఏడిస్తే ఏదీ తెలీదు. ఏదమ్మా, కిటికీ దాకా నడువు."

పిల్ల నడిచింది. నీళ్ళగిన్నె నెత్తిన పెట్టుకుని నడిచింది. పిడికిళ్ళు బిగుసుకున్నాయి. కిటికీ దగ్గర తిరిగి, తల్లివైపు చూసి నవ్వింది, పెదవులు తెల్లబడి ఉన్నాయి. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, "అలా కాదమ్మా, మామూలుగా నడు, పొద్దున నడిచినట్టు" అంది. పిల్ల తల అడ్డంగా ఊపింది. "నేను కోప్పడను." అడ్డంగా ఊపింది. "ఏమీ అననమ్మా, ఒట్టు." పిల్ల తాతవైపు దొంగచూపు చూసింది. "తాతకి బాధ" అంది, గుసగుసగా, అందరికీ వినపడేటట్టు.

గదిలో ఇంకో కుర్చీ చప్పుడైంది. మామగారు లేచాడు. పరాయివాళ్ళ ముందు, వెలుతుర్లో, అంత ఖాళీ నేలమీద, డాక్టరమ్మా, మందుల బల్ల దగ్గరి నర్సూ చూస్తూ ఉండగా, ఆయన గోడ పట్టుకోకుండా నడవడం మొదలుపెట్టాడు. ఏదీ దాచలేదు. కుడికాలు అర్ధచంద్రంలా తిరిగి వచ్చి పడుతోంది, భుజం లేచి దిగుతోంది, చెప్పు నేలని గీరుతోంది. కిటికీ దాకా వెళ్ళి, ఆయాసపడుతూ, పిల్ల పక్కన నిలబడ్డాడు. "ఏమే మిడతా, చూశావా తాత నడక? మా గొప్పగా ఉంటుంది. నీకు రాదులే ఇలా."

"వచ్చు" అంది పిల్ల.

"ఎక్కడొచ్చు? పొద్దున చేసింది నాది కాదే. వేరే కాలిది. అది నీ సొంతం. నీది నాకు రాదు, చూపించు మరి."

పిల్ల ఆలోచించింది. తల్లికేసి చూసింది. "విరగ్గొట్టవుగా?" అంది.

విరగ్గొట్టనని ఆమె తల ఊపింది. చేతులు రెండూ చాపింది. రా తల్లీ. నీకెలా వస్తే అలా రా. ఇంతకుముందు ఇలా చేతులు చాపి కూర్చున్నది అది మొదటిసారి అడుగులు వేసిన రోజున, నాలుగు వేసి పడితే, పడడాన్ని కూడా ఇల్లంతా పండగ చేసుకున్న రోజున. రా తల్లీ.

పిల్ల పిడికిళ్ళు వదిలింది. వచ్చింది. ఆమె అడిగిందీ, కోరిందీ, ఎవరినీ తథాస్తు అనొద్దని వేడుకున్నదీ, వచ్చింది. పొద్దుటికంటే ఎక్కువగా ఉంది. కాలు మోపగానే నడుం కూలుతోంది, నడుంతోపాటు మొహం కూలుతోంది. ఇన్ని గంటలు లోపల పట్టి ఉంచినదంతా ఒక్కసారి బయటపడి, సగం గది దాటేసరికి పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది. డాక్టరమ్మ కళ్ళజోడు కళ్ళమీదికి దించుకుంది. "చాలు. చూశాను. ఎత్తుకోండి" అంది. గొంతులో ఇందాకటి తీరిక లేదు.

బల్లమీద పడుకోబెట్టి, మోకాలు మడిచి, కాలు మెల్లగా లోపలికి తిప్పింది. అక్కడే ఆగింది. తుంటిలో, అంది. జలుబు చేసి తగ్గిందన్నారు కదా, తగ్గాక కొందరు పిల్లలకి తుంటి కీలులో నీరు చేరుతుంది, పడుకోబెడితే దానంతటదే పోతుంది, ఎక్కువమందికి అదే. "కానీ అక్కడే చీము పట్టినా ఇలాగే మొదలవుతుంది. ఒళ్ళు వెచ్చబడుతోంది కూడా. అది కాదని తేలేదాకా ఇంటికి పంపను. రక్తం తీయిస్తాను, స్కాను తీయిస్తాను, ఇప్పుడే. రేపు చూద్దాంలే అనుకోకుండా తెచ్చారు, అది మంచిదయింది." చీము అన్నప్పుడు మామగారు తన మోకాలిమీద చెయ్యి వేసుకుని, తీసేశాడు. మంచిదయింది అన్న మాటని ఆమె పట్టుకోబోయింది, అది సబ్బుముక్కలా జారిపోయింది. ఎక్కువమందికి. ఎక్కువమందికి అంటే అందరికీ కాదుగా.

స్కాను గది వసారా చివర ఉంది. ఇక నడిపించొద్దన్నారు. ఆమె పిల్లని భుజాన వేసుకుంది. ముందు మామగారు నడుస్తున్నాడు, గోడ పక్కకి పోకుండా, నడిమధ్యగా, చెప్పు గీరుకుంటూ, దారి ఇవ్వండమ్మా, దారి, అంటూ. నీలం కుర్చీల్లోవాళ్ళు ఆయన కాలు చూసి, ఆ తరవాత ఆమె భుజం మీది పిల్లని చూసి, కాళ్ళు వెనక్కి లాక్కుంటున్నారు. మెడ దగ్గర పిల్ల ఊపిరి వేడిగా తగులుతోంది. ఇది ఏడుపు వేడేనా? ఏడుపు వేడే. ఏడుపు వేడే అయి ఉండాలి.

"అమ్మా" అంది పిల్ల, వెక్కిళ్ళ మధ్యలో.

"ఊఁ."

"ఈసారి బాగా నడిచానా?"

మామగారు స్కాను గది తలుపు తెరిచి, భుజంతో ఆనుకుని పట్టుకున్నాడు. లోపల చీకటిగా, చల్లగా ఉంది. "చాలా బాగా నడిచావమ్మా" అంది ఆమె, పొద్దున విరగ్గొడతానన్న నోటితోనే. ఆమె నడుం పక్కన పిల్ల కుడిపాదం ఊగడం మొదలుపెట్టింది. రెండోదాని కోసం ఆమె గడప మీద ఒక్క క్షణం ఆగింది. అది ఊగలేదు. ఆమె లోపలికి వెళ్ళింది.